రొమ్ములో పుట్టిన జబ్బు ఎముకకు ఎలా చేరుతుంది?

మన తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతంలో ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన నాటి నుంచి చీటీలు, రశీదులు తమిళంలోనే చదువుకుంటున్నాం. ఆసుపత్రి చీటీల్లో, గోడమీది బోర్డుల్లో క్యాన్సరుకు "పుట్రునోయ్" అని రాసి ఉంటుంది. పుట్రు అంటే మన పుట్టే. ఇంగ్లీషులో ఉన్న క్యాన్సరు అనే మాట ఎండ్రకాయ నుంచి వచ్చింది. రొమ్ములోని గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలను చూసి పూర్వపు గ్రీకు వైద్యులకు ఎండ్రకాయ కాళ్లు గుర్తుకొచ్చాయట. నన్నడిగితే ఈ జబ్బుకు ఎండ్రకాయ కన్నా పుట్ట అన్న పేరే బాగా అతుకుతుంది. పెరట్లో పుట్టను తవ్వి చదును చేస్తాం. పని అయిపోయిందనుకుంటాం. నాలుగేండ్ల తర్వాత చూస్తే ఎక్కడో వంటింటి ద్వారబంధంలో చెదలు కనబడతాయి. అవి కొత్తగా పుట్టిన చెదలు కావు. పుట్ట ఉన్న రోజుల్లోనే మట్టి కిందుగా దారి చేసుకుని వెళ్లినవి.

ఈ మాట ఎందుకు ఎత్తుకున్నానంటే, కొన్నేండ్ల కిందట మా ఓ.పి.కి ఒకావిడ వచ్చింది. పొదటూరుపేట వైపు ఒక పల్లె, నేత కుటుంబం. ఆరేండ్లకు ముందు రొమ్ములో గడ్డకు ఆపరేషన్ జరిగింది. సూదిమందులు, కరెంటు వైద్యం అన్నీ పూర్తి చేసుకుంది. రోజూ ఒక మాత్ర వేసుకోమని ఇంటికి పంపించారు. రెండేండ్లు వేసుకుని, ఒంట్లో బాగానే ఉంది గదా అని మానేసింది. ఇప్పుడు మూడు నెలలుగా నడుము నొప్పి. మగ్గం గుంటలో కూర్చునేవాళ్లకు నడుము నొప్పి వింత గాదు గనుక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. తైలం రుద్దించారు, కట్టు కట్టించారు. రాత్రిపూట పడుకున్నా తగ్గని నొప్పి అయ్యేసరికి మా దగ్గరికి తీసుకొచ్చారు. ఎక్స్‌రే తీస్తే ఒక వెన్నుపూస అణిగిపోయి ఉంది. ఆ పైన చేసిన పరీక్షల్లో జబ్బు ఎముకకు పాకిందని తేలింది. నేను చెప్పిందంతా విని ఆవిడ ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"డాక్టరమ్మా, జబ్బున్న రొమ్మును తీసేసినారు గదా. లేని దాంట్లోనించి ఎముకలోకి ఎట్ల పొయ్యింది?"

ఆ రోజు ఓ.పి. రద్దీలో నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఇవాళ ఆ సమాధానాన్ని తీరిగ్గా చెప్పే ప్రయత్నం చేస్తాను.

మొట్టమొదట ఒక సంగతి. ఆవిడకు వచ్చింది ఎముక క్యాన్సరు కాదు. ఎముకలో కాపురం పెట్టిన రొమ్ము క్యాన్సరు. తిరుత్తణి ఎర్రనేలలో పండిన వేరుశెనగ విత్తనాన్ని తీసుకెళ్లి ఏ నల్లరేగడిలో వేసినా మొలిచేది వేరుశెనగే. అలాగే రొమ్ము కణం ఎముకకు చేరినా, ఊపిరితిత్తికి చేరినా, మెదడుకు చేరినా, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే రొమ్ము కణం పోలికలే కనబడతాయి. దానికివ్వవలసిన మందు కూడా చాలావరకు రొమ్ము కణాన్ని బట్టే ఉంటుంది. ఈ తేడా తెలియక చాలామంది "ఎముకల డాక్టరు దగ్గరికి పోతాం" అని కొన్ని నెలలు పోగొట్టుకుంటారు.

ఇక ప్రయాణం ఎలా మొదలవుతుందో చూద్దాం. రొమ్ములో పాలు తయారుచేసే సన్నని తిత్తులు, ఆ పాలను తీసుకెళ్లే నాళాలు ఉంటాయి. ఎక్కువగా ఈ నాళాల లోపలి అంచున ఉన్న కణాల్లోనే జబ్బు పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ కణాలు నేసిన బట్టలో పోగుల్లాగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు ఇచ్చేది ఇ-క్యాడ్‌హెరిన్ అనే ఒక ప్రొటీను. ఒక కణం పైభాగం నుంచి ఈ ప్రొటీను అణువులు బయటికి చాచుకుని ఉంటాయి, పక్క కణం నుంచి వచ్చిన అవే అణువులతో కొక్కేలు వేసుకుంటాయి. కణాల వరుస కింద ఒక గట్టి పొర ఉంటుంది. బట్టకు గంజి పెట్టినట్టు అది కణాలను తమ చోటు దాటకుండా నిలుపుతుంది.

కణంలో జన్యువులు దెబ్బతిని విభజన అదుపు తప్పినప్పుడు గడ్డ తయారవుతుంది. కానీ గడ్డ కట్టడం వేరు, కదిలి వెళ్లడం వేరు. కదలాలంటే ఆ కణం ముందు తన కొక్కేలు విప్పుకోవాలి. ఇందుకు అది కొత్త విద్య నేర్చుకోనక్కర లేదు, పాత విద్యను గుర్తు తెచ్చుకుంటే చాలు. మనం తల్లి కడుపులో పిండంగా ఉన్న తొలివారాల్లో కణాలు ఒకచోటు నుంచి మరొకచోటికి నడిచి వెళ్లి అవయవాలను కడతాయి. ఆ నడకను నడిపించే జన్యువుల్లో ట్విస్ట్, స్నెయిల్ అనేవి ముఖ్యమైనవి. బిడ్డ రూపం ఏర్పడ్డాక వాటికి చాలావరకు పని ఉండదు. క్యాన్సరు కణం నిద్రపోతున్న వీటిని తట్టి లేపుతుంది. ఇవి లేచాక ఇ-క్యాడ్‌హెరిన్ తయారీ తగ్గిపోతుంది, కణం ఆకారం సాగుతుంది, కాళ్లు వచ్చినట్టు పాకడం మొదలుపెడుతుంది. 2004లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో ఎలుకల రొమ్ము క్యాన్సరు కణాల్లో ట్విస్ట్ జన్యువును అణచిపెట్టి చూశారు. రొమ్ములో గడ్డ పెరిగింది గానీ ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిపోయింది. పెరగడం, పాకడం రెండూ వేరువేరు పనులని ఆ ప్రయోగం చక్కగా చూపించింది.

కొక్కేలు విప్పుకున్న కణానికి కింద ఉన్న గట్టి పొర అడ్డం వస్తుంది. దాన్ని కోయడానికి ఎంజైములున్నాయి. గాయం మానేటప్పుడు పాత కండను కరిగించడానికి మన శరీరమే వాడుకునే ఎంజైములు అవి. వాటిని క్యాన్సరు కణం తానూ తయారుచేస్తుంది, చుట్టుపక్కల ఉన్న మంచి కణాల చేత కూడా చేయిస్తుంది. పొర తెగితే దగ్గర్లోని లింఫు నాళమో, రక్తనాళమో అందుతుంది. లింఫు నాళం పట్టుకుంటే మొదటి మజిలీ చంకలోని గ్రంథులు. చంకలో బిళ్ల కట్టిందా అని మేము వేళ్లతో అంత జాగ్రత్తగా వెతికేది అందుకే.

ఇక్కడొక అపోహ గురించి చెప్పాలి. "సూది పొడిచి ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుంది" అని మన ఊళ్లలో గట్టి నమ్మకం. ఆ భయంతో పరీక్ష వద్దని ఇంటికి వెళ్లిపోయి ఏడాది తర్వాత పుండుతో తిరిగి వచ్చినవాళ్లను నేను చూశాను. ఇంతవరకు చెప్పింది విన్నారు గదా. కణం పాకడానికి జన్యువులు మేలుకోవాలి, కొక్కేలు ఊడాలి, పొర తెగాలి. ఇదంతా గడ్డ లోపల దానంతట అదే జరిగే పని. రొమ్ము గడ్డను సూదితో పరీక్షించినందువల్ల ఆడవాళ్ల ఆయుష్షు తగ్గిందని ఇన్నేండ్ల అనుభవంలో తేలలేదు. సూది వేయకుండా గడిపిన నెలల్లో మాత్రం గడ్డ తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

తిరువళ్లూరు వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడని పిలుచుకుంటాం. కోనేట్లో బెల్లం వేసి, అది కరిగినట్టు తమ రోగం కరగాలని మొక్కుకునేవాళ్లను అమావాస్య నాడు వందల్లో చూడవచ్చు. మొక్కు మొక్కుకోండి, అందులో నాకు ఆక్షేపణ లేదు. ఆ వారంలోనే గడ్డను కూడా చూపించుకోండి. ఎందుకంటే రొమ్ములో గట్టిపడిన గడ్డ బెల్లంలాగా కరగదు. కానీ దాని అంచుల్లోంచి కణాలు రాలి రక్తంలో కలుస్తూనే ఉంటాయి. నొప్పి లేదు గదా అని ఊరుకోవడానికి లేదు. మొదట్లో ఈ గడ్డకు నొప్పి ఉండకపోవడమే మామూలు.

రక్తంలో కలిసిన ప్రతి కణమూ ఎక్కడో ఒకచోట మొలకెత్తుతుందా? లేదు. అది మన అదృష్టం. రక్తప్రవాహం వాగు వరదలాంటిది. ఆ ఒత్తిడికే చాలా కణాలు చితికిపోతాయి. రోగనిరోధక కణాలు కొన్నిటిని పట్టి చంపుతాయి. ఐజయా ఫిడ్లర్ అనే శాస్త్రవేత్త 1970లో ఎలుకల రక్తంలోకి చర్మ క్యాన్సరు కణాలను ఎక్కించి లెక్క చూస్తే, చివరికి నిలిచి గడ్డకట్టినవి వెయ్యికి ఒకటి కూడా లేవు. ఆ బతికిన కణాల బతుకు రహస్యమేమిటో ఈమధ్య కొంత తెలిసింది. కొన్ని కణాలు గాయమైనప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను దుప్పటిలా కప్పుకుంటాయి. కొన్ని ఒంటరిగా కాకుండా నాలుగైదు కలిసి గుంపుగా బయల్దేరతాయి. రొమ్ము క్యాన్సరు మీద 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒంటరి కణం కన్నా ఇలాంటి గుంపుకు కొత్త చోట నిలదొక్కుకునే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని తేలింది. తిరుత్తణి కొండకు కావడి ఎత్తుకుని వచ్చేవాళ్లు కూడా గుంపుగానే గదా వస్తారు. దారిలో ఒకరికొకరు ఆసరా.

ఇప్పుడు అసలైన చిక్కుముడి దగ్గరికి వచ్చాం. రక్తం తల నుంచి కాలిగోటి దాకా ప్రవహిస్తుంది. అలాంటప్పుడు రొమ్ము క్యాన్సరు ఎక్కువగా ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకే ఎందుకు పోతుంది? ప్లీహానికి కూడా పెద్ద రక్తనాళమే ఉంది. అక్కడ ఎందుకంత అరుదు?

1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ ఈ ప్రశ్నే వేసుకున్నారు. రొమ్ము క్యాన్సరుతో చనిపోయిన 735 మంది స్త్రీల శవపరీక్ష వివరాలు తీసి, ఏ అవయవంలో ఎన్నిసార్లు జబ్బు కనబడిందో వరుసగా లెక్కవేశారు. రక్తం ఎటు కొట్టుకుపోతే అటే జబ్బు పోతుందన్న మాట నిజమైతే అవయవాలన్నిటికీ రక్తం వాటాను బట్టి జబ్బు రావాలి. అలా లేదు. విత్తనం నాలుగు దిక్కులా పడుతుంది గానీ తనకు సరిపడిన నేలలోనే మొలుస్తుందని ఆయన తేల్చారు. మన రైతు వంటి మాట. 1928లో జేమ్స్ యూయింగ్ అనే అమెరికా వైద్యుడు ఇందుకు ఒప్పుకోలేదు. అంతా రక్తనాళాల దారుల మహిమేనన్నారు.

అరక్కోణం జంక్షను మీకు తెలియంది కాదు. అక్కడ బండెక్కినవాడు ఎక్కడ దిగుతాడన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. బండి ఏ లైనులో పోతుంది, ఏ స్టేషనులో ఆగుతుంది అన్నది ఒకటి. దిగిన ఊళ్లో అతనికి ఇల్లూ పనీ దొరుకుతాయా అన్నది రెండవది. యూయింగ్ చెప్పింది మొదటిది. రొమ్ము నుంచి వచ్చిన చెడురక్తం గుండె కుడిభాగానికి చేరి తిన్నగా ఊపిరితిత్తులకే పోతుంది గనుక అక్కడి సన్నని నాళాల్లో కణాలు చిక్కుకోవడం సహజం. వెన్నెముక చుట్టూ ఉన్న సిరలతో రొమ్ము సిరలకు సంబంధం ఉందని 1940లో బాట్సన్ చూపించారు. ఇది కూడా దారి సంగతే. కానీ దిగినవాడికి కాపురం కుదరడం పేజెట్ చెప్పిన నేలను బట్టే. ఇద్దరిలోనూ నిజం ఉంది. నాకైతే నిజం పాలు పేజెట్ వైపే ఎక్కువగా కనబడుతుంది.

నేల అంటే ఏమిటో అణువుల భాషలో తెలియడానికి నూరేండ్లకు పైనే పట్టింది. 2001లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రొమ్ము క్యాన్సరు కణాల పైన సి.ఎక్స్.సి.ఆర్.4 అనే గ్రాహకం ఎక్కువగా ఉంటుంది. గ్రాహకమంటే వాసన పట్టే ముక్కు వంటిదనుకోండి. ఆ ముక్కు పసిగట్టే వాసన సి.ఎక్స్.సి.ఎల్.12 అనే చిన్న ప్రొటీను. ఈ ప్రొటీను ఎక్కడెక్కడ దండిగా తయారవుతుందో వెతికితే ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, కాలేయం, లింఫు గ్రంథులు అని తేలింది. సరిగ్గా జబ్బు పాకే చోట్లే. మామూలుగా ఈ వాసన రక్తకణాలను మజ్జలోకి పిలిచి అక్కడ నిలపడానికి ఉన్నది. పిలుపు ఒకరికి, వచ్చి కూర్చున్నవాడు మరొకడు.

పిలుపుతోనే కథ అయిపోదు. ఎముకలో కాపురం ఎలా సాగుతుందో చెబుతాను. మా నేతమ్మ అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

మనం ఎముకను రాయి వంటిదనుకుంటాం. కాదు. అది రోజూ కొంచెం కూలుతూ, కొంచెం కట్టుకుంటూ ఉండే ఇల్లు. పాత ఎముకను తొలిచే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని. ఈ రెండు రకాల పనివాళ్లకూ పొత్తు కుదిరినంత కాలం ఎముక గట్టిగా ఉంటుంది. క్యాన్సరు కణం ఎముకను తాను తినదు. పి.టి.హెచ్.ఆర్.పి. అనే హార్మోను వంటి ప్రొటీనును విడుదల చేస్తుంది. దాంతో కట్టే కణాలు ర్యాంక్ లైగాండ్ అనే మరో ప్రొటీనును తయారుచేస్తాయి. ఇది తొలిచే కణాలకు పిలుపు. అవి గుంపులుగా పుట్టుకొచ్చి ఎముకను ఎడాపెడా తొలిచేస్తాయి. ఎముక గోడల్లో టి.జి.ఎఫ్. బీటా వంటి పెరుగుదల ప్రొటీన్లు దాచిపెట్టి ఉంటాయి. గరిసె బద్దలుకొడితే ధాన్యం బయటపడ్డట్టు అవి బయటికొస్తాయి. అవి క్యాన్సరు కణానికి ఎరువు. ఎరువు తిన్న కణం ఇంకా ఎక్కువ పి.టి.హెచ్.ఆర్.పి. విడుదల చేస్తుంది. మళ్లీ తొలిచే కణాలు, మళ్లీ ఎరువు. గానుగెద్దు తిరిగినట్టు ఇది తిరుగుతూనే ఉంటుంది. చివరకు వెన్నుపూస ఒంటి బరువుకే అణిగిపోతుంది. తొలిచిన ఎముకలోని సున్నం రక్తంలో కలిసి విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, మాట తడబాటు కలుగుతాయి. ముసలితనమని, ఎండదెబ్బని ఇంట్లోవాళ్లు పొరబడే లక్షణాలివి.

ఈ గానుగను ఆపడానికి ఇప్పుడు మందులున్నాయి. జోలెడ్రోనిక్ యాసిడ్ అనే సూదిమందు తొలిచే కణాలను పడగొడుతుంది. 2010 నుంచి వాడుకలో ఉన్న డెనోసుమాబ్ అయితే సరిగ్గా ఆ ర్యాంక్ లైగాండ్‌నే పట్టుకుని పిలుపు అందకుండా చేస్తుంది. ఇవి జబ్బును పూర్తిగా నయం చేసే మందులు కావు. ఎముక విరగకుండా, నొప్పి తగ్గేలా కాపాడే మందులు. నొప్పి ఉన్న ఎముకకు కరెంటు వైద్యం కూడా బాగా పనిచేస్తుంది.

మిగతా అవయవాల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. మెదడుకు రక్తనాళాల చుట్టూ ఒక గట్టి కంచె ఉంటుంది. దాన్ని దాటగల అణువులు సంపాదించుకున్న కణాలే అక్కడికి చేరతాయి. పోగా పోగా తెలిసింది ఇంకొకటి ఉంది. గడ్డ నుంచి అతి చిన్న తిత్తులు రక్తంలోకి ముందుగానే బయల్దేరి వెళ్తాయి. వాటి పైనున్న ఇంటిగ్రిన్ ప్రొటీను ఏ రకమైతే అవి ఆ అవయవంలో దిగి నేలను దున్నిపెడతాయని 2015లో చూపించారు. ఒక రకం ఊపిరితిత్తులకు, ఒక రకం కాలేయానికి. విత్తనానికంటే ముందే అరక వెళ్లిందన్నమాట.

"ఆరేండ్లు ఏమీ లేకుండా ఉండి ఇప్పుడెట్ల వచ్చింది?" అని కూడా అడుగుతారు. ఎముక మజ్జకు చేరిన కణాల్లో కొన్ని వెంటనే మొలకెత్తవు. నిద్రపోతాయి. విభజన ఆపేసి, ఏండ్ల తరబడి పడి ఉంటాయి. విభజన చెందే కణాలనే ఎక్కువగా చంపే మందులు వీటిని తాకలేవు. స్కానింగులో కనబడేటంత పెద్దవీ కావు. ముఖ్యంగా ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న రకం రొమ్ము క్యాన్సరుకు ఈ గుణం ఎక్కువ. అయిదేండ్లు హార్మోను మాత్రలు వాడి ఆపిన వేలమంది స్త్రీల వివరాలతో 2017లో ప్రచురించిన విశ్లేషణలో, ఇరవయ్యో ఏడు దాకా కూడా జబ్బు తిరగబెడుతూనే ఉన్నట్టు తేలింది.

కాబట్టి ఆ చిన్న మాత్రను తేలిగ్గా చూడకండి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను కణంలోకి వెళ్లి తన గ్రాహకంతో కలిసి, విభజనకు కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. టామోక్సిఫెన్ మాత్ర ఆ గ్రాహకంలో తాను వెళ్లి కూర్చుంటుంది. తాళంలో విరిగిన చెవి ఇరుక్కున్నట్టు. ముట్లు ఆగిన స్త్రీలకు ఇచ్చే మరో రకం మాత్రలు ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తాయి. అయిదేండ్లు, కొందరికి పదేండ్లు. మాత్ర వేసుకున్న రోజు ఏమీ తెలియదు, మానేసిన రోజూ ఏమీ తెలియదు. అందుకే మానేయడం అంత సులువు. మా నేతమ్మ మానేయకుండా ఉంటే జబ్బు తిరగబెట్టేది కాదని నేను చెప్పలేను. మాత్ర వాడుతున్నవారిలో తిరగబెట్టడం తక్కువని మాత్రం గట్టిగా చెప్పగలను.

హెర్2 అనే గ్రాహకం అతిగా ఉన్న రకం మరొకటి. ఒకప్పుడు చాలా వేగంగా పాకే రకమని భయపడేవాళ్లం. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనుమతి పొందాక దాని జాతకం మారిపోయింది. మన దేశంలో తయారైన ఆ మందు 2014 నుంచి దొరుకుతోంది. ఇక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్, హెర్2 ఈ మూడు గ్రాహకాలూ లేని రకం ఒకటుంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లలో దీని పాలు ఎక్కువ. ఊపిరితిత్తులకు, మెదడుకు పోయే స్వభావం దీనికి హెచ్చు. తిరగబెడితే తొలి మూడు నాలుగేండ్లలోనే ఎక్కువగా తిరగబెడుతుంది. ఆ గండం దాటినవారికి భయం బాగా తగ్గుతుంది.

గడ్డ తీసేశాక మళ్లీ సూదిమందులు ఎందుకన్న ప్రశ్నకు కూడా ఇప్పుడు జవాబు తెలిసిపోయి ఉంటుంది. తీసింది పుట్టను. మందు వెళ్లిపోయిన చెదలకు. ఇందులో మన తెలుగువాడి చెయ్యి ఉందని చెప్పకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. కణం రెండుగా చీలాలంటే డి.ఎన్.ఎ. తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని పోలిన దొంగ అణువును ఇస్తే కణం మోసపోతుంది. ఆ ఆలోచనతో ఆయన బృందం తయారుచేసిన మందుల్లోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. 1948లో ఆయన కన్నుమూశారు. 1956లో, గర్భసంచిలో పుట్టి ఊపిరితిత్తులకు పాకిన ఒక రకం క్యాన్సరు ఆ మందుతో పూర్తిగా మాయమైంది. ఇతర అవయవాలకు పాకిన గడ్డల జబ్బు మందుతో నయం కావడం అదే మొదలు. 1976లో ఇటలీలోని మిలాన్ నగరంలో బొనడోన్నా అనే వైద్యుడు, రొమ్ము ఆపరేషన్ తర్వాత ఇదే మెథోట్రెక్సేట్‌తో మరో రెండు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపించారు. ఇప్పుడు చాలాచోట్ల అంతకంటే మెరుగైన మందులు వచ్చాయి గానీ దారి వేసింది అది.

మన ప్రాంతంలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉండనే ఉంది. జారిపడి విరిగిన ఎముకకు ఎక్కడికి వెళ్లాలన్నది మీ ఇష్టం. నేను చెప్పేది పడకుండా విరిగిన ఎముక గురించి. ఎప్పుడో ఒకప్పుడు రొమ్ముకు ఆపరేషన్ అయిన మనిషికి, పదేండ్లు దాటినా సరే, రెండు మూడు వారాలైనా తగ్గని ఎముక నొప్పి, ముఖ్యంగా పడుకున్నప్పుడు ఎక్కువయ్యే నొప్పి వస్తే, తైలం రుద్దకముందే, కట్టు కట్టకముందే ఒక ఎక్స్‌రే తీయించండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత ఆపరేషన్ సంగతి మొదట చెప్పండి. సిగ్గుపడి దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. నడుము నొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, మూత్రం నిలిచిపోయినా తెల్లవారేదాకా ఆగకండి. వెన్నుపాము నలుగుతున్నదని అర్థం. గంటలు గడిచేకొద్దీ నడక తిరిగి వచ్చే ఆశ తగ్గిపోతుంది. అలాగే వదలని దగ్గు, ఆయాసం, కొత్తగా వచ్చిన తలనొప్పి, ఫిట్సు, పచ్చబడిన కళ్లు.

ఇంకొక మాట ఫైలు గురించి. ముక్క పరీక్ష కాగితంలో ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉందా, హెర్2 ఉందా అని రాసి ఉంటుంది. ఆ ఒక్క కాగితం మీద పదేండ్ల తర్వాత వైద్యం ఆధారపడవచ్చు. పెండ్లి అట్టలతో పాటు దాన్నీ భద్రంగా పెట్టుకోండి. పాకిన చోట గ్రాహకం మారిపోయే సందర్భాలూ ఉంటాయి గనుక వీలైతే అక్కడి నుంచి కూడా ముక్క తీసి చూస్తాం. కాదనకండి. వైద్యానికి మనకు నాలుగు దిక్కులా దారులున్నాయి. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు పన్నెండు మంచాలతో మొదలుపెట్టిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ చెన్నైలో ఉంది. కాంచీపురం పక్కన అరిజ్ఞర్ అన్నా పేరిట ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి, అటు వేలూరు, ఇటు తిరుపతి. ప్రభుత్వ బీమాలో చూపించుకునేవాళ్లు ఒకటి గమనించండి. తమిళనాడు పథకానికి తమిళనాడు రేషన్ కార్డు, ఆంధ్ర పథకానికి ఆంధ్ర కార్డు కావాలి. నగరికి, పుత్తూరుకు కోడళ్లుగా వెళ్లినవాళ్ల పేరు ఏ కార్డులో ఉందో ముందే చూసుకుంటే ఆసుపత్రి కౌంటరు దగ్గర ఇబ్బంది ఉండదు.

మా నేతమ్మ పాత కాగితం నూలు కండెల డబ్బాలో దొరికింది. కోడలు వెతికి తెచ్చింది. ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న రకమే. ఈసారి వేరే హార్మోను మాత్ర మొదలుపెట్టాం, ఎముకకు సూదిమందు, వెన్నుకు కొన్ని రోజులు కరెంటు వైద్యం. జబ్బు పూర్తిగా పోతుందని నేను ఆవిడకు చెప్పలేదు, ఆవిడ కూడా చెప్పమని అడగలేదు. నొప్పి తగ్గింది. మగ్గం గుంటలో కూర్చోవద్దన్నాను గనుక ఇప్పుడు గడపలో కూర్చుని కండెలు చుడుతుంది. మూడో ఏడు ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు వెళ్లొచ్చి ప్రసాదం తెచ్చిచ్చింది. 365 మెట్లూ ఎక్కావా అని గాభరాగా అడిగాను. "లేదు డాక్టరమ్మా, మీరు తిడతారని ఆటోలో పొయ్యొచ్చినా" అంది.